మాటీలకు ఇంగ్లీషు మాట

(తిరుపతిలో గైడ్లు, నగల అంగళ్ళలో పనిచేసే పిల్లలు, ఇంగ్లీషు విద్యార్థులు కూర్చున్న ఒక చిన్న సభలో, మన నగల పేర్లను ఇంగ్లీషులో ఎట్ల చెప్పాలన్నదాని మీద మాట్లాడినదానికి రాత రూపం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఆ ఫ్యాను ఒక నెంబరు తగ్గిస్తే మంచిది, లేకపోతే నేను అరవాల్సి వస్తుంది.

ముందు ఈ డబ్బా మీ చేతుల మీదుగా అట్ల పోనివ్వండి. మా అవ్వ నగలు. సగానికి సగం కవరింగే, భయపడకండి. బంగారంవి కొన్ని ఉన్నాయి, అవి ఏవో చెప్పను. ఒక్కోటి చేతిలోకి తీసుకొని, ఇది ఒంటి మీద ఎక్కడ నిలుస్తుంది, ఎట్ల నిలుస్తుంది అని చూసి పక్కవాళ్ళకు ఇవ్వండి. అయిపోయినాక లెక్కపెట్టుకుంటాను, ముందే చెబుతున్నా.

నేను కొన్నాళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి మానేసిన మనిషిని. మాది పుత్తూరు దగ్గర. మా చెల్లెలు డాన్సు నగలు ఆన్‌లైన్లో అమ్ముతుంది, కూచిపూడి, భరతనాట్యం నేర్చుకొనే పిల్లల కోసం, ఎక్కువ పార్సిళ్ళు బయటి దేశాలకే పోతాయి. ఫోటో తీసేది తను, కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసేది నేను. ఈ నాలుగు ముక్కలు రాయడం ఎంతసేపు పని అనుకున్నా మొదట్లో. ఆ పొగరు దిగడానికి ఒక్క నగ చాలింది, వడ్డాణం.

వడ్డాణానికి ఇంగ్లీషు ఏందని డిక్షనరీ చూస్తే గర్డిల్ అని ఉంటుంది. పాత పుస్తకాల్లో అంతా అదే. సరే బాగుంది, కొంచెం కావ్యంలాగా కూడా ఉంది అని ‘గోల్డెన్ గర్డిల్, లక్ష్మి బొమ్మతో’ అని రాసేసినా. రెండు రోజులకు అమెరికా నుంచి ఒకావిడ, ఆమె తెల్లావిడ, కూతురు భరతనాట్యం నేర్చుకుంటోందట, ఎంతో మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగింది. ఇది సాగుతుందా? దుస్తుల లోపల వేసుకోవాలా, పైన వేసుకోవాలా? నాకు అర్థం కాలేదు. వడ్డాణం సాగడం ఏంది తల్లీ, లోపల వేసుకోవడం ఏంది! తర్వాత వెతుక్కుంటే తెలిసింది, ఇప్పటి వాడుక ఇంగ్లీషులో గర్డిల్ అంటే పొట్ట కనపడకుండా ఆడవాళ్ళు లోపల వేసుకొనే బిగుతు ఎలాస్టిక్ బట్ట. మేము లక్ష్మీదేవి బొమ్మతో బంగారు లోదుస్తు అమ్ముతున్నామని ఆవిడ అనుకుంది పాపం. (నవ్వులు)

నవ్వండి, నేను కూడా నవ్వినా, ఆ వారం తర్వాత. అప్పుడు మాత్రం ఏడుపు ఒకటే తక్కువ.

అయితే గర్డిల్ తప్పు మాటా అంటే, అందరికీ తప్పు కాదు. మ్యూజియంలో రాతి విగ్రహం పక్కన కార్డు మీద గర్డిల్ అని రాస్తే నూరు పాళ్ళు సరే, శిల్పం గురించి చదివేవాళ్ళకు ఆ మాట నడుము నగగానే తెలుసు. కొనేవాళ్ళకు రాసేటప్పుడు మాత్రం ‘నడుము మీద, చీర పైన పెట్టుకొనే రాళ్ళ బెల్టు’ అని అర్థమొచ్చేటట్టు జ్యువెల్డ్ వెయిస్ట్ బెల్ట్ అని రాయాలి. ఉత్త బెల్ట్ అంటే మళ్ళీ తోలు బెల్టు అవుతుంది. సన్నటి గొలుసులాంటిదైతే వెయిస్ట్ చెయిన్. కమ్మర్‌బండ్ అని రాసేవాళ్ళు కూడా ఉన్నారు, వద్దు, అది మన దేశం నుంచే పోయిన మాట, కమర్‌బంద్, కానీ ఇప్పుడు అక్కడ సూటు కింద నడుముకు చుట్టే పట్టు గుడ్డకు స్థిరపడిపోయింది. పోయిన మాట పోయినట్టే తిరిగి రాదు.

కాబట్టి నేను ఇప్పుడు నగ పేరుతో మొదలుపెట్టను. ఒంటితో మొదలుపెడతా. ఎక్కడ ఉంటుంది అన్నది ముందు, దేనితో నిలబడుతుంది అన్నది తర్వాత, అంటే కొక్కెమా, మరనా, తాడా, బిగుతా. ఈ రెండూ చెప్పేస్తే చదివేవాడి కన్ను సరైన చోటికి పోతుంది, తర్వాత పేరు తెలుగులోనే చెప్పినా వాడు తడబడడు. ఈ బుద్ధి నాకు ఎట్ల వచ్చిందో చెబుతా. డబ్బా ఎవరి దగ్గరుంది? అందులో జానెడు కూడా లేని రెండు సన్నటి గొలుసులు ఉన్నాయి చూడండి, ఒక కొసకు చిన్న వలయం, ఇంకో కొసకు వంపు తిరిగిన కొక్కెం. ఏందవి? ఆ, మాటీలు. ఈ అబ్బాయికి తెలుసు. మీ ఇంట్లో అక్కలున్నారా నాయనా? అదీ సంగతి.

ఆ మాటీలు, కమ్మలు, ఒక కాసులపేరు కలిపి మా అమ్మ ఒకసారి తాకట్టు పెట్టింది. చీటీ మీద ఇంగ్లీషులో రాసిచ్చినారు, ఇయర్ స్టడ్స్ ఒక జత, నెక్లెస్ ఒకటి, చెయిన్స్ రెండు. అమ్మకు ఇంగ్లీషు రాదు, మడిచి పెట్టుకొని వచ్చేసింది. విడిపించడానికి నేనూ పోయినా తోడుగా. అప్పటికి కౌంటర్లో మనిషి మారినాడు. సంచీ విప్పి, చీటీ చూసి, మళ్ళీ సంచీ చూసి, ‘మేడమ్, చెయిన్లు లేవు, ఏవో రెండు కొక్కేలు ఉన్నాయి’ అన్నాడు. మా అమ్మ మెడ తడుముకుంటుంది, నేను చెయిన్లు ఎప్పుడు పెట్టినానురా అని. అరగంట టెన్షన్. ఎవరి తప్పూ లేదు, రాసినతనికి అవి గొలుసుల్లాగానే కనిపించినాయి, చదివినతనికి చెయిన్ అంటే మెడకు వేసుకొనేదే. ‘చెవి నుంచి జుట్టులోకి’ అన్న మూడు మాటలు ఆ చీటీ మీద ఉంటే అంత రాద్ధాంతం జరిగేది కాదు.

మాటీకి ఇంగ్లీషు మాట లేదు, ఎందుకంటే వాళ్ళ చెవికి ఆ అవసరం రాలేదు. బుట్టకమ్మలు బరువు, చెవి తమ్మె సాగిపోతుంది, అందుకని కమ్మ శీలకు వలయం తగిలించి, కొక్కెం తీసుకుపోయి చెవి మీద జుట్టులో గుచ్చితే బరువు సగం జుట్టు మోస్తుంది. ఈ పని చెప్పకుండా ఇయర్ చెయిన్ అని రాసి వదిలేస్తే, కొన్నావిడ రెండు కొసలూ చెవికే తగిలించుకొని ఫోటో పెడుతుంది, పెట్టింది కూడా. నేను ఇప్పుడు రాసేది ఇది: మాటీ, కమ్మ బరువును మోయడానికి చెవి నుంచి జుట్టుకు తగిలించే గొలుసు. ఇంగ్లీషులో ఒక వాక్యం పడుతుంది. పడనీ.

చెవి దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకో మాట. చెవులు, ముక్కులు కుట్టే స్టూడియోల పుణ్యమా అని ఇంగ్లీషులో ఇప్పుడు చెవి మీద ఒక్కో చోటికీ పేరుంది. తమ్మె లోబ్. పై అంచు హీలిక్స్. చెవి రంధ్రం ముందర చిన్న బుడిపె ఉంటుందే, అది ట్రేగస్. ముక్కులో రెండు పుటాల మధ్య గోడ సెప్టమ్. ఇవన్నీ డాక్టర్ల మాటలు, కానీ ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా వాడేస్తున్నారు. మనకు ఇది బాగా పనికొస్తుంది. మన అవ్వలు చెవి పైభాగానికి పెట్టుకున్న బావిలీలను అప్పర్ ఇయర్ అంటూ తంటాలు పడకుండా హీలిక్స్ అనేస్తే అక్కడ పదహారేళ్ళ పిల్లకు కూడా ఠక్కున తెలుస్తుంది. బులాకీ అంటే సెప్టమ్ నుంచి పై పెదవి మీదికి వేలాడేది. దాన్ని నోస్ రింగ్ అని రాస్తే చదివేవాళ్ళు ఒక పక్కన ఉండే వలయాన్ని ఊహించుకుంటారు. రింగ్ అంటే గుండ్రంగా ఉండాలి కదా. మా అవ్వ ఒక పక్క బేసరి, ఒక పక్క ఒంటిరాయి పుడక పెట్టుకొనేది, రెండిట్లో ఏదీ వలయం కాదు. ముక్కుపుడకకు నోస్ స్టడ్ అంటే అంతటా చెల్లుతుంది. మనం నోస్ పిన్ అంటాం, మన దేశంలో అందరికీ తెలుసు, బయటివాళ్ళు మాత్రం పిన్నీసు ఏమైనా గుచ్చుకుంటారేమో అని చూస్తారు.

ఇంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. మనం తెలుగులో వాడే ఇంగ్లీషు మాటలు. ఇవి వేషం మార్చుకున్న మాటలు, ఇంగ్లీషువే కదా అని మళ్ళీ ఇంగ్లీషులో పెడితే కొంప మునుగుతుంది. లాకెట్ తీసుకోండి. గొలుసుకు వేలాడేది ఏదైనా మనకు లాకెట్టే, వెంకటేశ్వరస్వామి లాకెట్టు, ఓం లాకెట్టు. ఇంగ్లీషులో లాకెట్ అంటే తెరుచుకొనే చిన్న డబ్బీ, లోపల ఫోటోనో వెంట్రుకో పెట్టుకుంటారు. తెరుచుకోకపోతే అది పెండెంట్. మా చెల్లెలు దగ్గర లాకెట్ కొని, తెరవబోయి వంచేసి, విరిగిందని తిరిగి పంపించినవాళ్ళు ఉన్నారు. రింగులు ఇంకోటి. ‘మా పాపకు రింగులు తీసుకున్నా’ అంటే మనకు చెవులవి. రింగ్స్ అని రాస్తే వేలివి. చెవివైతే హూప్స్ అనాలి.

కవరింగ్ మరీ అన్యాయం. చిత్తూరు వైపు, తమిళనాడు వైపు పూత నగ అంటే కవరింగే, బడికి పోయే పిల్లను అడిగినా చెబుతుంది. ఇంగ్లీషువాడికి కవరింగ్ జువెలరీ అంటే ఏదో నగ మీద కప్పే గుడ్డ. గోల్డ్ ప్లేటెడ్ అని రాయండి, అయిపోతుంది. రోల్డ్ గోల్డ్ వేరే, పలచటి బంగారు రేకును వేరే లోహం మీద అతికించి రోలర్లతో నొక్కి చేసేది, మచిలీపట్నం చిలకలపూడి నగలు ఈ పేరుతోనే పేరు మోసినాయి. గిల్ట్ అంటే పైపూత మాత్రమే. వెండి మీద బంగారు పూత అయితే దానికి వెర్మేల్ అని ప్రత్యేకంగా పేరుంది. ఈ తేడాలు డబ్బుకు సంబంధించినవి, అలంకారం కోసం మార్చి రాయకండి. ‘వన్ గ్రామ్ గోల్డ్’ అని మాత్రం చచ్చినా రాయొద్దు. మన దగ్గర అది పూత నగల్లో ఒక రకం పేరు. బయట దాన్ని చదివినవాడు ఒక గ్రాము బంగారం ఉందని లెక్కేసి, తూకం వేయించి, మీ మీద కంప్లయింట్ పెడతాడు, పెట్టినా వాడిదే న్యాయం. అట్లాగే కెంపు. డాన్సు సెట్లలో ఉండే ఎర్రరాయి మన నోట్లో కెంపే, కానీ దాన్ని రూబీ అని రాస్తే అబద్ధం. ఎర్ర గాజురాయి అయితే రెడ్ గ్లాస్ స్టోన్ అని రాయడానికి సిగ్గెందుకు?

సవర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. ‘పెళ్ళికి ఎన్ని సవర్లు పెట్టినారు’ అని మన వైపు అడుగుతారు కదా, ఈ సవర అచ్చమైన ఇంగ్లీషు, సావరిన్, బ్రిటిష్ బంగారు నాణెం, బరువు 7.98 గ్రాములు, మనం 8 అంటాం. వాళ్ళ నాణెం మన తూకం రాయి అయి కూర్చుంది. ఇంగ్లీషులో ‘టెన్ సావరిన్స్ నెక్లెస్’ అని రాస్తే పది నాణేలు గుచ్చిన దండ అనుకుంటాడు. కాసులపేరు అమ్ముతూ ఆ మాట రాస్తే ఇంక చెప్పనే అక్కర్లేదు. 80 గ్రాములు అని రాయండి.

ఇప్పుడు గాజులు. ఇది నేను బాగా దెబ్బ తిన్న చోటు కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతా. మాటలో చిక్కు లేదు. గట్టిగా, గుండ్రంగా, తెరవకుండా చేతికి ఎక్కేది బ్యాంగిల్, గొలుసులాగా మెత్తగా వంగి కొక్కెంతో మూసుకొనేది బ్రేస్‌లెట్. బ్యాంగిల్ మన దేశపు మాటే, హిందీ బంగ్రీ నుంచి 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి పోయింది, తమాషా ఏందంటే బంగ్రీ అన్నా రంగు గాజు కడియమే, మన గాజు అన్నా అసలు అర్థం అద్దం గాజే. ‘బంగారు గాజులు’ అని మనం అంటుంటే మాటకు మాట పెట్టి చూస్తే బంగారు గ్లాసు అన్నట్టు. ఎవరికైనా ఎప్పుడైనా నవ్వొచ్చిందా? రాదు. వాడుక అట్ల మింగేస్తుంది.

నేను దెబ్బ తిన్నది సైజు దగ్గర. మన గాజుల సైజులు తెలుసు కదా, 2.4, 2.6, 2.8, 2.10. అవే అంకెలు పెట్టి, పక్కన ఇంచెస్ అని రాసినా. మంచిపనే చేసినా అనుకున్నా. ఒకావిడకు చెయ్యి కొంచెం పెద్దది, 2.10 చూసి, ఇది 2.1 కదా, చిన్నది అనుకొని, 2.8 తెప్పించుకుంది. అవి ఎక్కలేదు. సబ్బు రాసి ఎక్కించబోయి ఒకటి వంకర పోయింది. ఆవిడ స్కేలు పెట్టి కొలిచి ఫోటో పంపింది, ‘మీరు 2.8 అన్నారు, ఇది రెండున్నర అంగుళాలే ఉంది, మోసం’ అని. నేను మా చెల్లెల్ని తిట్టినా, చెల్లెలు హోల్‌సేల్ ఆయన్ని తిట్టింది, ఆయన నవ్వి, ‘ఏందమ్మా, మీకు గాజుల లెక్క తెలీదా’ అన్నాడు. చుక్క తర్వాత వచ్చే అంకె దశాంశం కాదు. అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు, అంటే రెండుంబావు, 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే సరిగ్గా రెండున్నర అంగుళాలు, 63.5. 2.10 అంటే 66 దాటుతుంది, దాదాపు 67. పుట్టినప్పటి నుంచి గాజులు వేసుకుంటున్నా, ఇది తెలీదు నాకు! చేతికి పట్టే సైజు నోటికి తెలుసు, లెక్క తెలీదు. ఆ రోజు నుంచి లోపలి అడ్డకొలత మిల్లీమీటర్లలో రాస్తాం, మన సైజు కూడా దాని పక్కనే రాస్తాం. మళ్ళీ ఒక్క గాజు కూడా తిరిగి రాలేదు.

చేతుల్లోనే పైకి పోతే వంకీ. భుజానికీ మోచేతికీ మధ్య. దీన్ని బ్రేస్‌లెట్ అంటే కన్ను మణికట్టుకు పోతుంది, ఆర్మ్‌లెట్ అనాలి. దండకడియం కూడా ఆర్మ్‌లెట్టే, మరి రెండిటికీ తేడా? వంకీ మధ్యలో పైకి కోసుగా ఎక్కి, రెండు పక్కలా దిగుతుంది, తలకిందుల వీ ఆకారం. ఇంగ్లీషులో షెవ్రన్ అంటే ఆ ఆకారం వస్తుంది. ఆ కోసు వల్లనే చెయ్యి మడిచినప్పుడు కండ పట్టేయదు, ఎంత ఆలోచించి చేసినారో. ఈ మధ్య వంకీ ఉంగరాలు వచ్చినాక వంకీ అన్న మాటే బయటి కొనుగోలుదార్లలో తిరుగుతోంది, ‘వంకీ రింగ్’ అని వాళ్ళే వెతుకుతున్నారు. ఇంకేం కావాలి.

మెడ గురించి ఎక్కువ చెప్పను, మెడకు ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి. ఒకటే చెబుతా, అక్కడ పొడవును బట్టి పేర్లు, మనకు దేనితో చేసినారన్నదాన్ని బట్టి పేర్లు, కాసులపేరు, గుండ్లపేరు, పలకసర్లు. మెడకు అంటుకొని ఉండే అడ్డిగలాంటిది చోకర్, 14 నుంచి 16 అంగుళాలు. 18 దగ్గర ఉంటే ప్రిన్సెస్, 20 నుంచి 24 మ్యాటినీ, ఇంకా కిందికి దిగితే ఆపెరా. ఈ పేర్లు వాళ్ళ షోకుల నుంచి వచ్చినాయి, మన హారానికి ఆపెరా అని పేరు పెట్టాలంటే నాకు నోరు రాదు, పొడవు అంగుళాల్లో రాసి ఊరుకుంటా. కంటె ఒక్కదానికి మాత్రం అచ్చంగా సరిపోయే మాట దొరికింది, టార్క్. గట్టి బంగారు కడ్డీ, మెడ చుట్టూ వంచి, కొసలు కలవకుండా వదిలేది. యూరప్‌లో పాత కెల్ట్ జాతులవాళ్ళు వేసుకొనేవాళ్ళు. లాటిన్లో మెలిపెట్టడం అన్న మాట నుంచి వచ్చింది, వాళ్ళవి చాలామటుకు మెలితిప్పిన కడ్డీలు. ఎక్కడి కెల్టులు, ఎక్కడి మన కంటె!

గైడ్లు ఉన్నారు కదా ఇక్కడ, మీకోసం కొండ మీది సంగతి. మహాద్వారం దాటినాక కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలు చేతులు జోడించుకొని నిలబడి ఉంటాయి. 1513లో మొదటిసారి వచ్చి, మొత్తం ఏడుసార్లు కొండకు వచ్చిన రాజు. ఆయన తల మీద పొడుగ్గా కోసుగా ఉండేదాన్ని చూపించి ‘కింగ్ విత్ క్రౌన్’ అని చెప్పడం నేను చెవులారా విన్నా. అది కిరీటం కాదు, కుళ్ళాయి. బట్టతో కుట్టిన పొడుగు టోపీ, విజయనగర కాలంలో రాజూ పెట్టుకున్నాడు, పెద్ద కొలువువాళ్ళూ పెట్టుకున్నారు. స్వామికి కిరీటాలు చేయించి సమర్పించిన రాజు, తాను మాత్రం స్వామి ముందు కుళ్ళాయితో నిలబడినాడు. క్రౌన్ అన్న ఒక్క మాటతో ఈ కథంతా పోతుంది.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు ఆయన ఒకడున్నాడు, డొమింగో పేస్. రాయల్ని కళ్ళారా చూసినాడు. ఆయన ఏం రాసినాడో తెలుసా? తల మీద జరీబట్ట టోపీ, స్పెయిన్‌లోని గలీసియా వాళ్ళ శిరస్త్రాణం తీరులో ఉంది అన్నాడు. చూడండి ఆ పనితనం. దేనితో చేసిందో చెప్పినాడు, ఎక్కడ పెట్టుకున్నాడో చెప్పినాడు, వాళ్ళ ఊరివాళ్ళకు తెలిసిన ఒక వస్తువుతో పోల్చినాడు. రాజు తల మీద ఉంది కాబట్టి కిరీటం అనేద్దాం అనుకోలేదు. అయిదు వందల ఏళ్ళ కింద, భాష రాని ఊళ్ళో.

ఇంకోటి, కవచం. బంగారు కవచం అని మనం అంటే ఇంగ్లీషులో ఆర్మర్ అనేస్తున్నారు. ఆర్మర్ అంటే యుద్ధానికి. మూర్తి ఆకారానికి సరిగ్గా పట్టేటట్టు చేసిన బంగారు తొడుగు అని అర్థం వచ్చేలా గోల్డ్ కేసింగ్ అనో, ఫిట్టెడ్ గోల్డ్ కవర్ అనో చెప్పండి. వరదహస్తం, కటిహస్తం మీది తొడుగులకూ అంతే, ఉత్త గోల్డ్ హ్యాండ్ అంటే వినేవాడు ఏమనుకుంటాడో ఊహించుకోండి. స్వామి వక్షస్థలం మీద లక్ష్మి ఉంది చూడండి, దాన్ని పెండెంట్ అని ఒకాయన చెప్పినాడు. అయ్యా, అది నగ కాదు, అమ్మవారు.

నామం కూడా నగ కాదు, కానీ ప్రశ్న దాని మీదే ఎక్కువ వస్తుంది. పాత ఇంగ్లీషు రాతల్లో కాస్ట్ మార్క్ అని రాసేవాళ్ళు, అది తప్పు, నామం కులానికి గుర్తు కాదు, వైష్ణవానికి గుర్తు. నామం అనే చెప్పి, నుదుటి మీద నిలువుగా దిద్దుకొనే వైష్ణవ గుర్తు అని ఒక ముక్క కలపండి. పంగనామం మాత్రం అనువాదం చేయకండి, యాత్రికులు రూము తీసుకోకముందే పారిపోతారు. (నవ్వులు)

టెంపుల్ జువెలరీ అన్న మాటకు కూడా తిరుపతిలో ఒక ప్రత్యేకమైన గండం ఉంది. దేవుడి నగల తీరులో చేసిన ఎర్రరాళ్ళ నగలకు అది వ్యాపారంలో పేరు, డాన్సువాళ్ళందరికీ తెలుసు. వేరే ఊరినుంచి అమ్మితే చిక్కులేదు. మా పార్సిల్ మీద తిరుపతి అని ఉంటుంది. ‘టెంపుల్ జువెలరీ ఫ్రమ్ తిరుపతి’ అని పెట్టినామో లేదో, ఒకాయన గుడి నగలు అమ్మడం చట్టరీత్యా నేరం కాదా అని అడిగినాడు. ఇప్పుడు ‘టెంపుల్ స్టైల్’ అని రాసి, గుడికి సంబంధం లేదని కింద ఇంకో వాక్యం కూడా రాస్తున్నాం.

పచ్చబొట్టు గురించి ఎవరో చీటీ పంపినారు. టాటూ అనేయండి, సందేహం లేదు. ఆ మాట కూడా ఇంగ్లీషుది కాదు, పసిఫిక్ దీవులది, 1769లో కెప్టెన్ కుక్ అనే ఇంగ్లీషు నావికుడి ఓడ తాహితీ దీవికి పోయి వచ్చినాక ఇంగ్లీషులో కుదురుకుంది. మా అవ్వ చేతి మీద నాలుగు చుక్కలూ ఒక తేలూ ఉండేవి. గ్రీన్ డాట్ అని ఒక పిల్ల పరీక్షలో రాసింది, నేను అర మార్కు వేసినా. రంగు నిజమే కదా.

జాతర సంగతి కూడా ఒక్క ముక్క. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, నగలు పెట్టుకొని వస్తారు. బయటివాళ్ళకు చెప్పేటప్పుడు ఆ నగల్ని కాస్ట్యూమ్ జువెలరీ అంటున్నారు. వస్తువుగా చూస్తే సరే, అవి కవరింగే. కానీ కాస్ట్యూమ్ అన్న మాట వినగానే నాటకం అనుకుంటారు, అది మొక్కు. అక్కడ నగ పేరు కంటే ముందు మొక్కు అన్న మాట చెప్పండి.

సరే, తెలుగు పేరు ఉంచాలా తీసేయాలా అని మొదట్లోనే ఎవరో అడిగినారు. ఉంచండి. 1852లో అచ్చయిన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే, నగల దగ్గర ఆయన కూడా చాలా చోట్ల ఫలానా చోట పెట్టుకొనే ఒక నగ అన్నట్టు చెప్పి ఊరుకున్నాడు, ఆయనంతటి వాడికి దొరకని మాట నాకు రాత్రి పదకొండింటికి ఫోన్లో దొరుకుతుందా. బ్యాంగిల్ పోయి వాళ్ళ ఇంట్లో కూర్చుంది కదా, వడ్డాణం పోకూడదని ఏముంది. ఒక్క జాగ్రత్త, ఇంగ్లీషు అక్షరాల్లో స్పెల్లింగ్ ఒకటే పెట్టుకోండి. ఒక చోట వడ్డాణం, ఇంకో చోట ఒడ్డియాణం, ఇంకో చోట వదనం అని చదివేటట్టు రాస్తే వెతికేవాడికి ఏదీ దొరకదు. వదనం అని నేనే రాసినా ఒకసారి. నడుముకు ముఖం.

ఆ, చెప్పమ్మా. తాళిబొట్టుకు ఏం రాయాలా? మంగళసూత్ర అన్న మాట ఇప్పుడు బయటివాళ్ళకు తెలుసు, కానీ వాళ్ళ కళ్ళ ముందు కనిపించేది ఉత్తరాది నల్లపూసల గొలుసు. మనవి రెండు గుండ్రటి పుస్తెలు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. మన వైపే ఇళ్ళను బట్టి తమిళ తీరు బొట్లు కూడా ఉన్నాయి. వెడ్డింగ్ పెండెంట్ అనొచ్చు, తప్పు లేదు, చప్పగా ఉంటుంది అంతే. నేనైతే తాళి అని రాసి, పెళ్ళిలో పెళ్ళికొడుకు కట్టే పసుపుతాడు, దానికి రెండు బంగారు బిళ్ళలు అని రాస్తా. అమ్మకానికైతే రాయలేదు ఎప్పుడూ. మా చెల్లెలు డాన్సు సెట్టులో తాళి పెట్టదు, అది దాని పట్టుదల, నేను అడగలేదు.

డబ్బా వచ్చిందా? ఇట్లివ్వండి. కాసులపేరు ఉంది, బావిలీలు రెండు, బేసరి, వంకీ ఒకటే కదా తెచ్చింది, ఆ ఒకటే, మాటీలు రెండు, కమ్మలు రెండు… ఒక కమ్మకు వెనక మర లేదు. కింద పడి ఉంటుంది, చిన్నదే, శనగబద్దంత కూడా ఉండదు, కుర్చీల కింద చూడండి కొంచెం. చెప్పులు కదపకండి, ముందు చూడండి. అన్నట్టు దాన్ని ఇంగ్లీషులో స్క్రూ బ్యాక్ అంటారు.